రెంటచింతల ఎండలో నా నీళ్లతొట్టి

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో పరిశోధన అనేది రెండు రకాలవాళ్లే చేసేవారు. ఒకరు పోలీసులు, రెండోవాళ్లు ఉద్యోగం దొరకని పట్టభద్రులు. నేను పోలీసును కానని నా భుజాలు చూస్తేనే తెలుస్తుంది కాబట్టి, మా బజారంతా ఏకగ్రీవంగా నన్ను రెండో కోవలో వేసేసింది. మా అబ్బాయి డాక్టరేటు చేస్తున్నాడని అమ్మ గర్వంగా చెప్పుకుంటే, పక్కింటావిడ "అయితే ఇంక పడిశం పట్టినా మీ ఇంటికే వస్తాం" అని సంబరపడింది. అది ఆ డాక్టరు కాదని తెలిశాక ఆమె ముఖం చూడాలి. "మందివ్వని డాక్టరేందమ్మా, పాలివ్వని బర్రెలాగా!" అని జాలిపడి వెళ్లిపోయింది.

పరిశోధకుడి కష్టాలు ఎక్కడైనా ఒకటే అంటారు. అంశం కుదరదు, గురువు మెచ్చడు, సామాను దొరకదు, ఇంట్లోవాళ్లు ‘ఇంకా ఎన్నాళ్లు’ అని అడగడం మానరు. ఇవన్నీ నాకూ వచ్చాయి, వరస తప్పకుండా వచ్చాయి. (నాకు దేన్నయినా వరసలో పెట్టుకుంటే గాని నిద్రపట్టదు. ఇప్పటికీ అంతే.) కాని నా పరిశోధనను నిలువునా ముంచబోయింది వీటిలో ఏదీ కాదు. పుణ్యం. ఒక వీధి వీధంతా, ఒకరికి తెలియకుండా ఒకరు, నా నెత్తిన పోసిన పుణ్యం.

మొదట అంశం సంగతి చెప్పాలి. నేను మొట్టమొదట పట్టుకున్న అంశాన్ని, నేను పుస్తకాలు సర్దుకుని కూర్చునేసరికి కలకత్తాలో ఎవరో పూర్తిచేసేశారు. రెండో అంశానికి జర్మనీ నుంచి ఒక యంత్రం రావాలి. యంత్రానికి బదులు యుద్ధం వచ్చింది. అప్పుడు మా గురువుగారు నన్ను పిలిచి, "చూడవోయ్, ఈ యుద్ధకాలంలో మన దేశంలో రేషనూ కంట్రోలూ లేకుండా దొరికే సరుకు ఎండ ఒక్కటే. నువ్వు దానిమీద పనిచెయ్" అన్నారు. ఆయనను మేం చాటుగా ‘దశాంశంగారు’ అనేవాళ్లం. చుక్క తరవాత రెండంకెలు లేని లెక్కను ఆయన లెక్కగా ఒప్పుకునేవారు కాదు. హోటల్లో సర్వరు "ఇడ్లీ రెండు" అని కేకేస్తే కూడా అనుమానంగా చూసేవారు. ఆయన ఇచ్చిన అంశం ఇది: తెరిచిపెట్టిన నీళ్లను పల్నాటి వేసవి రోజుకు ఎంత చొప్పున ఆవిరి చేస్తుంది? ఎప్పటికైనా కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కట్టి నీళ్లు నిలవచేస్తే అందులో ఎంత ఎండపాలవుతుందో ఎవరో ఒకరు ముందుగా లెక్కవేసి ఉంచాలి కదా అన్నది ఆయన ఆలోచన. నాకు ఒళ్లు పులకరించింది. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

నాన్న చుట్ట ఆర్పి, నిదానంగా విన్నాడు. "అంటే, ఎండలో పెడితే నీళ్లు ఆరిపోతయ్యని కనిపెడతావు."

"ఎంత ఆరిపోతాయో కొలుస్తాను నాన్నా."

"ఆ ముక్క మీ అమ్మ వడియాలు పెట్టినప్పుడల్లా కనిపెడతానే ఉందిరా. ఆమెకెవరూ డాక్టరేటియ్యలా." తరవాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "తాలూకా కచేరీలో గుమాస్తా ఖాళీ ఉంది. మా స్నేహితుడు శిరస్తాదారును బతిమాలి తొలకరిదాకా ఆపించా. ఈ ఎండాకాలంలో నీ పని ఒక కొలిక్కి వచ్చిందా, సరే, చదువుకో. రాలేదా, నోరు మూసుకుని కచేరీలో చేరు." సరేనన్నాను. రెండు అంశాలు చేతిలో పగిలినవాడికి మూడోది ఆఖరిదని వేరే చెప్పాలా? ఈ వేసవి లెక్కలు వస్తే పరిశోధన, లేకపోతే కచేరీలో శిస్తు లెక్కల జమాబందీ కాగితాలు. అంతే.

పల్నాడులో ఎండకు పెట్టింది పేరు రెంటచింతల. అక్కడ మిషను బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పంతులుగారి ఇంట్లో వీధివైపు గది అద్దెకు తీసుకున్నాను. ఇంటిముందు విశాలమైన ఖాళీ స్థలం, ప్రహరీ లేదు, మోకాలెత్తు నాపరాళ్ల వరస ఒకటి ఉంది. గాలికీ ఎండకూ అడ్డు లేకపోవడం శాస్త్రరీత్యా చాలా మంచిది. (మేకలకు కూడా అడ్డు లేదన్న సంగతి అప్పట్లో శాస్త్రరీత్యా నాకు తట్టలేదు.) తొట్టి చేయించడానికి యుద్ధం మూలాన కొత్త రేకు దొరకలేదు. ఆ వీధి చివర కిరసనాయిలు డబ్బాలకు మాట్లువేసే రేకుల సాయిబు ఉండేవాడు. ఆయన పాత రేకులు నాలుగు సేకరించి, అతికించి, నాలుగడుగుల వెడల్పున, జానెడుకు కాస్త పైగా లోతున గుండ్రటి తొట్టి చేసి ఇచ్చాడు. "బాబూ, దీంట్లో బొట్టు కారితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. నిజంగానే కారలేదు. దాన్ని కొయ్యదిమ్మెల మీద నిలబెట్టి, అంచుకు రెండు వేళ్ల కింద తెల్లరంగుతో గీత గీసి, ఆ గీతదాకా నీళ్లు పోశాను. నీటిమట్టం చూడటానికి కొక్కెం ఉన్న కొలబద్ద, ఉష్ణమాపకాలు పెట్టిన తెల్లటి తడికల పెట్టె దాని పక్కనే అమరాయి. ఆ పెట్టెను చూసి వీధిలోవాళ్లు పావురాల గూడు అనుకున్నారు. తొట్టిని ఏమనుకుంటున్నారో నేను అడగలేదు. నీళ్లతొట్టిని నీళ్లతొట్టి కాక ఇంకేమనుకుంటారు?

మర్నాడే ఒక కార్యక్రమం రాసి గోడకు అంటించాను. సూర్యోదయానికి మట్టం చూడటం, తగ్గినంత కొలిచి పోసి మళ్లీ గీతకు తేవడం. సూర్యాస్తమయానికి మళ్లీ అదే. మధ్యలో ఏం చెయ్యాలి? పల్నాటి ఎండాకాలం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దు కాస్త పైకెక్కగానే నేను గదిలోకి పోయి, తలుపు బిగించి, కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, తలమీద తడిగుడ్డ వేసుకుని, ఉష్ణం మీద ఇంగ్లీషు గ్రంథాలు చదువుకునేవాణ్ణి. ఎండమీద పరిశోధన చేస్తూ ఎండ ముఖం చూడనివాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనేమో. కార్యక్రమంలో ఆఖరి నియమం ఎర్రసిరాతో రాసి ఉండేది: ‘వడగాడ్పు వేళ బయటికి రాకూడదు.’ అన్ని నియమాలలోకీ దాన్నే నేను నిష్ఠగా పాటించాను.

లెక్కలు రావడం మొదలైంది. రాసుకుంటుంటే నాకు మతిపోయింది. ఊళ్లో ఉతికిన బట్ట దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోతోంది. కుండలో పెట్టిన మజ్జిగ పొద్దుగూకేసరికి పెరుగంత చిక్కనవుతోంది. నా తొట్టిలో మాత్రం నీళ్లు తగ్గవు! సాయంత్రం కొక్కెం దించి చూస్తే ఏదో వెంట్రుకవాసి తగ్గినట్టుంటుంది. కొన్ని రోజులు గీత దాటి పైకి కూడా వచ్చేవి. సముద్రపు ఒడ్డున చలికాలంలో ఆరినంత కూడా రెంటచింతల నడివేసవిలో ఆరడం లేదు. నాకు గాభరా వేసింది. గాభరా వేసినప్పుడు నేను చేసే పని ఒకటే, జాబితా రాస్తాను. కొలబద్ద తప్పేమో. కొయ్యదిమ్మెలు ఒరిగాయేమో. రేకు వేడికి వంకరపోయి మట్టం పైకి కనబడుతోందేమో. రాత్రి మంచు కురుస్తోందేమో. (వైశాఖమాసంలో, పల్నాడులో, మంచు! ఆ కాగితం ఇప్పుడు దొరికితే పటం కట్టించుకుంటాను.) ఇలా ఒక్కొక్కటే పరీక్షించి కొట్టేస్తూ వచ్చాను. ఆ జాబితాలో లేనివాళ్లు మనుషులు మాత్రమే.

అన్నీ కొట్టేశాక మిగిలింది దుమ్ము. ఆ వీధిన నాపరాళ్ల బండ్లు పోయినప్పుడల్లా సన్నటి తెల్లటి దుమ్ము లేచి తొట్టిమీద పరుచుకునేది. ఇంకేముంది, దొరికింది! ఆ సున్నపు దుమ్ము నీటిమీద పొరకట్టి ఆవిరిని ఆపుతోంది. అంటే ఆనకట్ట కట్టాక జలాశయంమీద సున్నపుదుమ్ము చల్లితే చాలు, దేశానికి ఎంత నీరు ఆదా! నాలుగు మధ్యాహ్నాలు తలుపు బిగించుకుని ‘పల్నాటి ధూళి సిద్ధాంతం’ అని శీర్షిక పెట్టి రాశాను. చెమటకు సిరా అలుక్కుపోతున్నా ఆగలేదు. రాసింది నేనే చదువుకుని నేనే మెచ్చుకున్నాను. గురువుగారికి పంపాను. ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది, కాగితం కరువు కదా, పాత పరీక్షపేపరు వెనకవైపున: ‘ఆశ్చర్యం. నమ్మశక్యం కాదు. సభలో చదివే ముందు నేను కళ్లారా చూడాలి. వస్తున్నాను.’

వచ్చారు. గుంటూరు నుంచి మాచర్ల పోయే బండి ఆ రోజు బాగా ఆలస్యమై, నడినెత్తిన సూర్యుడున్న వేళకు రెంటచింతలలో ఆగింది. గురువుగారు కోటు, తలపాగా, గొడుగుతో దిగి, స్టేషను దాటేలోగా కోటు, ఇల్లు చేరేలోగా తలపాగా నా చేతికిచ్చేశారు. ఆయనకోసం నేను మొట్టమొదటిసారి నా ఎర్రసిరా నియమాన్ని తప్పాను. పంతులుగారు లోపల కునుకు తీస్తున్నారు. గురువుగారిని వసారాలో బల్లమీద కూర్చోబెట్టి విసనకర్ర అందుకునేలోగానే ఆయన, వసారా తడిక సందులోంచి తొట్టివైపు చూస్తూ, "ఎవరది?" అన్నారు.

చూశాను. "మేకండీ."

"నీళ్లు తాగుతోంది."

"అవునండీ."

"నీ సిద్ధాంతంలో మేక ఉందా?"

"లేదండీ."

మేక పోయింది. గోరింకలు రెండు వచ్చి అంచున వాలి, తొట్టిలోకి దిగి, శుభ్రంగా స్నానం చేసి పోయాయి. నేను విసరడం మరిచిపోయాను. మేకలూ గోరింకలూ తాగితే నీళ్లు తగ్గాలి కదా, తగ్గడం లేదే, మరి ఇదేం లెక్క అని బుర్రలో తీసివేతలు వేసుకుంటుండగా వీధి చివర్నుంచి రేకుల సాయిబు, నెత్తిన తుండుగుడ్డ, చేత బక్కెట్టు, చల్లగా నడుచుకుంటూ వచ్చి, బక్కెట్టెడు నీళ్లూ తొట్టిలో వంచి, చెయ్యి తుడుచుకుని, వెనక్కి తిరిగాడు. గురువుగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. సాయిబు ఇంకా నాలుగడుగులు వెయ్యకముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎదురింటి మామ్మ, ఒంటరి మనిషి, డెబ్బయి ఏళ్లుంటాయి, చంకన బిందె పెట్టుకుని కాళ్లు కాలుతున్నాయని గబగబా వచ్చి, తొట్టిలోకి తొంగి చూసి, "నీ దుంప తెగ, అప్పుడే ఇంత దిగిపోయిందే!" అని సూర్యుణ్ణి తిట్టి, బిందె ఖాళీ అయ్యేదాకా పోసింది. పిచ్చుకలు అంచున కూర్చుంటే ముక్కు నీళ్లకు అందాలట. నా తెల్లగీత నీళ్లలో మునిగిపోయింది.

గురువుగారు లేచి ఎండలోకి నడిచారు. "అమ్మా, ఏం చేస్తున్నారు?"

"కనపట్టంలా? నీళ్లు పోస్తన్నా. నువ్వెవరయ్యా, ఈ పిల్లోడి నాయనవా?"

"గురువును."

"అయితే నువ్వన్నా చెప్పు. చలివేంద్రం పెట్టినోడు నిండుగా ఉంచుకోవద్దూ? పొద్దునోసారి సాయంత్రమోసారి చెంబు పుచ్చుకుని కొలిచి కొలిచి, కంసాలి బంగారం తూచినట్టు పోస్తాడు. ఎండెక్కగానే తలుపేసుకుని పడుకుంటాడు. ఇక్కడ పిట్టలు నోళ్లు తెరుచుకుని సస్తన్నయ్. చదువుకునే పిల్లోడు, పెట్టాడే గాని గుర్తుండదులే అని నేనే పోస్తన్నా. పెట్టిన తొట్టి ఎండితే పెట్టినోడికి పాపం గదా."

"ఎన్నాళ్ల నుంచి?"

"పెట్టిన కాడ్నుంచీ."

నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "మామ్మా! ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పి చేస్తే అది పుణ్యమేంది నాయనా, పెత్తనమవుద్ది."

వెళ్లబోతున్న సాయిబు ఆగి వెనక్కి వచ్చాడు. "ఏంది మామ్మా, నువ్వూ పోస్తన్నావా? నేనొక్కణ్ణే అనుకుంటన్నానే! మా కాడ కూడా దాహానికి నీళ్లిస్తే సవాబు, అంటే మీ పుణ్యమే. చేసింది నా చేతి తొట్టాయె, అది ఎండితే నాకు నిద్రపట్టుద్దా?" అంతలో మాటలకు లేచొచ్చిన పంతులుగారు గుమ్మంలో నిలబడి చిన్నగా దగ్గారు. "నేను కూడా... మూడింటికి ఒక కడవ... మీరు నిద్రపోతుంటారని చప్పుడు చెయ్యలేదండీ" అన్నారు, తప్పు చేసిన బడిపిల్లవాడిలాగా. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ తమ పుణ్యంలో ఇంకొకళ్లు వాటాదార్లని అప్పుడే తెలిసినట్టుంది. గురువుగారు నావైపు తిరిగి, "నీ ధూళి సిద్ధాంతం బిందెల్లో వస్తోందోయ్" అన్నారు.

అక్కడ నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. మామ్మ ఇచ్చిన నీళ్లు రెండు చెంబులు తాగాక గురువుగారు చల్లబడ్డారు గాని తీర్పు చల్లబడలేదు. ఇంతవరకు తీసిన లెక్కలన్నీ కొట్టెయ్యమన్నారు. తొలకరిలోగా ఒక నెలపాటు మేకగాని మనిషిగాని వేలు పెట్టని లెక్కలు తేగలిగితే వ్యాసం నిలుస్తుంది. "తేలేకపోతే మీ నాన్నగారు చెప్పినట్టు కచేరీలో చేరు. చెడ్డ ఉద్యోగమేం కాదు" అని సాయంత్రం బండెక్కేశారు. బండి పొగ కనబడనంత దూరం పోయాక కూడా నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. జమాబందీ కాగితాల వాసన అప్పుడే ముక్కుకు తగులుతోంది.

మర్నాడు యుద్ధం ప్రకటించాను. తొట్టిచుట్టూ తుమ్మకంప వేశాను. మేకలు అది తమకోసం వేసిన మేత అనుకుని తినేశాయి. మిగిలిన ముళ్లను, పిట్టల కాళ్లకు గుచ్చుకుంటాయని మామ్మ ఏరి పారేసింది. ‘ఇందు నీరు పోయరాదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాసి పెట్టాను. ఆ వీధిలో చదవడం వచ్చినవాళ్లు తక్కువ. చదవగలిగిన పంతులుగారు అక్షరాల గుండ్రదనం చూసి ముచ్చటపడ్డారు. మూడోరోజు మధ్యాహ్నం గొడుగు వేసుకుని తొట్టి పక్కన నేనే కాపలా కూర్చున్నాను. మామ్మ బిందెతో వచ్చింది. చేతులెత్తి దణ్ణం పెట్టాను. "మామ్మా, నీకు పుణ్యముంటుంది, నీళ్లు పొయ్యొద్దు."

"పోస్తేగదరా పుణ్యం?" అని ఆమె బిందె దించి, నా గొడుగు నీడలోకి వచ్చి కూర్చుంది. "పొయ్యొద్దంటే పొయ్యను. నీ తొట్టి నీ ఇష్టం. కాని ఒక్క మాట చెప్పు. ఆ నీళ్లు ఎవరికి పెట్టావు? మనుషులకా?"

"కాదు మామ్మా."

"గొడ్డుకా?"

"కాదు."

"పిట్టకు?"

"కాదు."

"మరి ఈ ఎండల్లో, అంత లోతు బావిలో తోడిన నీళ్లు, ఎవరికీ కాకుండా ఊరికే ఎండబెట్టడానికి నీకు మనసెట్టా వచ్చింది నాయనా?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. చేదతాడు రాపిడికి ఎర్రబడ్డ ఆ అరచేతులు నేను సరిగ్గా చూసింది అప్పుడే. తనకోసం తోడుకున్న రెండు బిందెల్లో ఒకటి రోజూ నా తొట్టికి పోస్తోందని అప్పుడే అర్థమైంది. వాయుపీడనం, ఆర్ద్రత, ఆవిరి ఒత్తిడి అంటూ నేను చదివినవేవీ నాలుకమీదికి రాలేదు. తల పైకెత్తాను. ఎండ కళ్లలో పొడిచింది. నోట్లోంచి ఒకే మాట వచ్చింది. "సూర్యుడికి మామ్మా. సూర్యుడు రోజుకు ఎంత తాగుతాడో చూద్దామని పెట్టాను."

మామ్మ నన్ను చూసింది, తొట్టిని చూసింది, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసింది. గబుక్కున లేచి, చెంపలు వేసుకుంది. "ముందే చెప్పొద్దంట్రా! సూర్యనారాయణమూర్తికి పెట్టింది ఇన్నాళ్లూ మేకలతో ఎంగిలి చేయించానా! అయ్యో అయ్యో!" సరిగ్గా అప్పుడే మేకొకటి తొట్టివైపు రాబోయింది. దేవుడి నైవేద్యం దగ్గరికి వచ్చిన మేకకు ఏ గతి పడుతుందో దానికి ఆ గతి పట్టింది. ఆ రోజు మొదలు మధ్యాహ్నమంతా మామ్మ తన వాకిట్లో పందిరి నీడన దుడ్డుకర్ర పుచ్చుకుని కూర్చునేది. కాకి కూడా నా తొట్టిమీద వాలడానికి సాహసించలేదు. ఏ పరిశోధనశాలకూ అంత కట్టుదిట్టమైన కాపలా ఉండి ఉండదు. సాయిబుకు సంగతి తెలిసి, "సూరీడు తాగేదానికి నేనెందుకు అడ్డం బాబూ, ఆయనది ఆయనకే ఉంచండి" అని నవ్వాడు. పంతులుగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, ఆవిరి పాఠం తాను పిల్లలకు ఇరవై ఏళ్లు చెప్పానని, తొట్టి చూసినప్పుడు ఆ పాఠం గుర్తురానందుకు సిగ్గుగా ఉందని అన్నారు. నా సంగతి తలుచుకుని ఆయనకు నేనే దణ్ణం పెట్టాను.

అయితే మామ్మ ఊరికే ఒప్పుకోలేదు. "మరి పిట్టలకేదీ?" అంది. న్యాయమే. వీధి చివర వేపచెట్టు కింద నాపరాళ్లు నిలబెట్టి, సందులు సాయిబు సున్నంతో పూడిస్తే, ఇంకో తొట్టి తయారైంది. పక్కన మనుషులకు రెండు కుండలు. ఇది అందరిదీ, ఎవరైనా పొయ్యొచ్చు. అందులో నా వంతు రెండు బిందెలు, అదీ నేనే తోడాలి. ఇది మామ్మ తీర్పు. బావి దగ్గర ఆడవాళ్లకు అంతకంటే మంచి కాలక్షేపం ఆ వేసవిలో దొరికి ఉండదు. "ఏమే, డాక్టరుగారొచ్చారు, దారియ్యండే!" అని ఒకామె. "తాడు అట్టా పట్టుకుంటే చేదతోపాటు నువ్వే దిగుతావు బాబూ. అప్పుడు సూరీడు తాగింది ఎవరు కొలుస్తారు?" అని ఇంకొకామె. నాలుగు రోజులకు నా చేతులు బొబ్బలెక్కాయి, వారానికి కాయలు కాశాయి. ఎర్రసిరా నియమాన్ని గోడమీంచి చింపేశాను.

చిక్కులన్నీ తీరాయని ఊపిరి పీల్చుకునేలోగా ఒక పొద్దున మట్టం చూడబోతే తొట్టిలో నీళ్లు పచ్చగా ఉన్నాయి. పసుపు! పైన మందారపూలు నాలుగు తేలుతున్నాయి. దేవుడికి వట్టి నీళ్లు పెడతారా అని మామ్మ తెల్లవారకముందే వచ్చి పూజ చేసేసింది. రంగునీళ్లు ఎండను ఎక్కువ పీల్చుకుంటాయి, లెక్క మళ్లీ తప్పుతుంది. ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. "మామ్మా, ఆయన తాగేది శుద్ధోదకం. అందులో ఏం కలిపినా గొంతు పట్టుకుంటుంది" అన్నాను. ఆమె క్షణం ఆలోచించి, నిజమేనంది. పూలు తొట్టిలోంచి దిమ్మెలమీదికి మారాయి. నీళ్లు పారబోసి మళ్లీ మొదలుపెట్టాను.

ఇక అప్పుడు చూడాలి లెక్కలు! రోజుకు అరంగుళం, కొన్ని రోజులు ఇంకా పైన. కొక్కెం దించినప్పుడల్లా నా గుండె గెంతులు వేసేది. సాయంత్రం కొలత కాగానే మామ్మ వాకిట్లోంచే కేకేసేది. "ఇయ్యాల ఎంత తాగాడు?" అరంగుళం అంటే ఆమెకు ఆనలేదు. అందుకని కూర్చుని లెక్కకట్టి బిందెల్లోకి మార్చి చెప్పేవాణ్ణి. దాదాపు నిండు బిందె. "చూశారా, మా వీధిలో పెట్టింది నిండు బిందె తాగుతన్నాడు" అని ఆమె గురజాల నుంచి వచ్చిన చుట్టాలకు కూడా చెప్పుకుంది. నెల ఆఖరికి మబ్బులు పట్టసాగాయి. తాగేది సగానికి పడిపోయింది. నాకిది శాస్త్రరీత్యా ఆనందం, ఆమెకు దిగులు. "ఏంది నాయనా, సరిగ్గా తాగటంలా? మైల ఏమన్నా తగిలిందా?" అని అడిగేది. నెల పూర్తయిన నాలుగోరోజున పిడుగులతో తొలకరి కురిసింది. తొట్టి నిండి, అంచులమీదుగా పొర్లింది. మామ్మ తడుస్తూ వచ్చి, అందులోకి తొంగి చూసి, ముఖమంతా నవ్వుతో, "తాగిందంతా తిరిగిచ్చేశాడురా అబ్బాయ్, వడ్డీతో సహా!" అంది. నేను కూడా తడుస్తూ నిలబడ్డాను. గోడకు అంటించిన కార్యక్రమంలో వానలో తడవడం లేదు.

ఆ నెల లెక్కలతో వ్యాసం నిలిచింది. కచేరీలో గుమాస్తా పని మా పిన్ని కొడుకు చేశాడు, నాకంటే ఎంతో బాగా చేశాడు. మౌఖికపరీక్షలో మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన ఒకే ఒక్క గట్టి ప్రశ్న అడిగారు: వేసవి మొదటి భాగం లెక్కలు ఏవని. గురువుగారు వెంటనే కిటికీలోంచి బయట ఏదో చూడటం మొదలుపెట్టారు. "ఆ రోజుల్లో తొట్టికి బయటినుంచి నీరు చేరిందండీ" అన్నాను. "ఎక్కడినుంచి?" "మూడిళ్లనుంచండీ." ఆయన కలం కింద పెట్టి, అదంతా చెప్పించుకుని విన్నారు. ఆ తరవాత ఆవిరి గురించి ఇంకేమీ అడగలేదు; మామ్మ బాగుందా అని మాత్రం అడిగారు.

ఇప్పుడు నేను కూర్చునే ఆఫీసుకు ఎక్కడెక్కడి ఆవిరి తొట్టెల కొలతలూ వస్తుంటాయి. నడివేసవిలో ఎక్కడో ఒక చోటి అంకె మరీ తక్కువగా ఉంటే, మా కుర్ర గుమాస్తాలు దానికింద ఎర్రగీత గీసి, కొలబద్ద మార్చాలని రాస్తారు. నేను ఆ కాగితం ఒక నిమిషం చేత్తో పట్టుకుని కూర్చుంటాను. తలుపు బిగించుకుని, నెత్తిన తడిగుడ్డతో, దుమ్ముమీద సిద్ధాంతం రాస్తున్న ఒక బక్కపలచటి కుర్రవాడు కనిపిస్తాడు. ఒరేయ్, ఒక్కసారి తలుపు తీసి బయటికి చూడరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది. మళ్లీ అనిపిస్తుంది, అప్పుడే తలుపు తీసి ఉంటే వాడు మామ్మను కసిరి పంపేసి, ఆమె పేరు కూడా అడక్కుండా, చక్కగా లెక్కలు రాసుకుని రైలెక్కి వచ్చేసేవాడు. పోనీలే, పడుకోనీ వాణ్ణి. బయట పిట్టలు తాగుతున్నాయి.